గోడవైపు పెడలు

"తాళం చెవి ఎక్కడుంది?" అని అడిగింది దేవిక.

మూడు రోజుల తర్వాత ఆ పిల్ల తండ్రితో మాట్లాడిన మొదటి మాట అది. పోలరాజు చేతిలోని పేపరు గబగబా మడిచి పక్కన పెట్టాడు. కూతురు నోరు విప్పిందన్న సంబరం మొహంలోకి వచ్చేలోపే, అది ఏ తాళమో అర్థమైంది.

"సైకిల్ దా?"

"మరి దేనిది? పదింటికి బిక్షం సార్ ట్రాలీ ఆటో తెస్తానన్నారు. హరికిషన్ గారి సైకిల్ హరికిషన్ గారికి ఇచ్చెయ్యాలి కదా."

"ఇవాళే ఇచ్చెయ్యాలేటమ్మా?"

"ఉంచుకుని ఏం చేస్తాం? నూట డెబ్బై ఒకటికి ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకుంటామా?"

పోలరాజు తాళం చెవి తీసి ఇచ్చాడు. ఏ.ఎస్. రావు నగర్ లోని ఆ రెండు గదుల వాటాలో గురువారం నుంచీ మనుషులు ఒకరి పక్కనుంచి ఒకరు తప్పుకుంటూ తిరుగుతున్నారు. దేవిక తన కంచం తీసుకుని గదిలోకి వెళ్ళిపోతోంది. సగం అన్నం అలాగే తిరిగొస్తోంది. తిరుమల ఆ కంచం కడిగి బోర్లిస్తోంది తప్ప, మొగుణ్ణి గానీ కూతుర్ని గానీ ఒక్క మాట అనడం లేదు.

అందరి నోళ్ళూ మూయించింది ఒక్క అంకె.

పటియాలా శిక్షణ శిబిరం వాళ్ళు ఖచ్చితంగా చెప్పేశారు. ఇరవై నిమిషాలు ఆపకుండా తొక్కి, సగటున రెండు వందల వాట్ల బలం చూపించిన ఆడపిల్లలకే చోటు. ఆ బలాన్ని కొలిచేది సైకిల్ పెడళ్ళ మధ్య, పళ్ళ చక్రానికి బిగించి ఉండే పవర్ మీటరు. అలాంటి మీటరున్న సైకిల్ ఈ చుట్టుపక్కల హరికిషన్ ఒక్కడి దగ్గరే ఉంది. అతను సైనిక్‌పురిలో ఉండే సాఫ్ట్‌వేర్ కుర్రాడు. కంపెనీ పనిమీద విదేశం వెళ్ళినప్పుడు మోజుపడి కొనుక్కొచ్చాడు, రెండు నెలలకే నడుం నొప్పని దాన్ని బట్టలారేసుకునే దండెం చేశాడు. దేవికకి సైకిల్ పందేలు నేర్పే బిక్షం బతిమాలితే, ఆమెకి వాడుకోమని ఇచ్చాడు.

ఆరు నెలల శిబిరమంటే ఇంటర్ రెండో ఏడాది పరీక్షలు పోతాయి, ఎంసెట్ పోతుంది. వీధిలో ప్రతి ఇంటినుంచీ ఒకరు హైటెక్ సిటీ బస్సెక్కుతున్న కాలంలో కన్నతండ్రి అంత తేలిగ్గా ఒప్పుకుంటాడా? పోలరాజు బాగా ఆలోచించి షరతు పెట్టాడు.

"రెండు వందలొస్తే సంతకం పెడతాను. రాకపోతే సైకిల్ మాట ఇంకెత్తకూడదు."

గురువారం పొద్దున్న నూట డెబ్బై ఒకటి వచ్చింది. ఆయన షరతు నెగ్గింది, దేవిక ఓడిపోయింది.

మీటరు తప్పు చెప్పిందేమో అని ఆ రోజు ఎవరూ అనలేదు. ఎలా అంటారు? దాన్ని సరిచూసింది పోలరాజు. విజయనగరం నుంచి వచ్చి, దగ్గరలోని ఎలక్ట్రానిక్స్ కర్మాగారంలో ముప్పై ఒక్క ఏళ్ళు పరికరాల కొలతలు సరిచూసే కాలిబ్రేషన్ విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసిన మనిషి. ఆయన సంతకం పడ్డ పరికరం ఒక్కటి కూడా వెనక్కి రాలేదని ఇప్పటికీ పెళ్ళిళ్ళలో సైతం చెప్పుకుంటాడు. వినేవాళ్ళు వడ్డన వైపు చూస్తున్నా చెప్తాడు.

వరండాలో దేవిక గొలుసు తాళం తీస్తున్న చప్పుడు వినపడింది. వెనక చక్రాన్ని కిటికీ గ్రిల్లుకి కట్టేసిన గొలుసు అది.

లోపల్నుంచి పోలరాజు తల్లి ముసలమ్మ నడుం పట్టుకుని నెమ్మదిగా వచ్చింది. మనవరాలి మొహం చూసి, కొడుకు మొహం చూసి, ఆవిడకి తోచిన ధోరణిలో ఆవిడ మొదలెట్టింది.

"ఒరే రాజూ, ఈ సైకిలెలిపోతే నా సంచీ ఎక్కడ తగిలించుకోవాలిరా? గోడకి మేకు కొట్టమని ఏడాది నుంచీ అడుగుతున్నాను. కొట్టేవేటి?"

"కొడతాలే అమ్మా" అన్నాడు పోలరాజు అలవాటుగా. పేపరు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. నాలుగు పంక్తులు చదివాక చేతులు ఆగిపోయాయి.

"ఏ సంచీ అమ్మా?"

"కూరల సంచీ. బండోడి దగ్గర కొన్నది నేలనెడితే సీమలెక్కేస్తాయి. నాకేమో నడుం వొంగదు. ఆ పెడలు సరిగ్గా నా సేతికందుతాది."

"ఏ పెడలు?"

"గోడవైపుది. ఇవతల దానికి తగిలిస్తే వొచ్చీపోయేవోల్ల మోకాళ్ళకి తగలదేటి? ఆ మాత్రం తెలీదా నాకు?"

పోలరాజు లేచి నిలబడ్డాడు.

"గురువారం తగిలించేవా?"

"లచ్చివారం కంద తెచ్చేను కదా. కంద బచ్చలి రెండుమాట్లు అడిగి ఏయించుకున్నావు, అప్పుడే మర్సిపోయేవా?"

"తిన్న సంగతి కాదమ్మా. ఎన్నింటికి తగిలించేవు?"

"గంటలు నాకేటి తెలుసురా? నువ్వా సైకిల్ దగ్గర కూకుని పెడలు ఎనక్కి తిప్పేవు. తరవాత కల్లజోడని లోపలికెల్లేవు. అప్పుడే బండోడొచ్చేడు. కొన్నాను, తగిలించేను, తానానికి ఎలిపోయేను. తానం సేసొచ్చేసరికి సంచీ వొంటింట్లో ఉంది. అంతే."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. పోలరాజుకి అది వినపడలేదు. 

బీరువా మీదున్న నోటుపుస్తకం తెచ్చాడు. మీటరు సరిచూసే పని ఏమంత బ్రహ్మవిద్య కాదు. పెడళ్ళ మీద ఏ బరువూ లేనప్పుడు బొత్తాం నొక్కితే, మీటరు ఆ స్థితిని తన సున్నాగా గుర్తు పెట్టుకుంటుంది, గుర్తుకి ఒక అంకె చూపిస్తుంది. వారం రోజులూ ఆ అంకెలు పోలరాజు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి పెట్టాడు. ఐదు వందల పదమూడు. ఐదు వందల పన్నెండు. ఐదు వందల పద్నాలుగు. మళ్ళీ పదమూడు.

గురువారం: ఆరు వందల నలభై ఆరు.

పక్కన ఆయన చేత్తోనే రాసిన మాట ఉంది. 'తెల్లవారు చలి వల్ల.'

కర్మాగారంలో కొత్తగా చేరిన కుర్రాళ్ళకి ఆయన మొదటి రోజు నేర్పే పాఠం ఒకటుండేది. పరికరం చుట్టూ తిరగాలి, కింద చెయ్యి పెట్టి చూడాలి, ఆ తర్వాతే సున్నా నొక్కాలి. గురువారం ఆయన చుట్టూ తిరగలేదు. అవతల గోడ ఉంది, మోకాలు నొప్పిగా ఉంది, చలిగా ఉంది. ఇవతలి వైపు కూర్చుని చెయ్యి చాపి నొక్కేశాడు.

"దేవీ, ఆ తాళం మళ్ళీ వెయ్యి" అన్నాడు.

"ఎందుకు?"

"వెయ్యమ్మా. ఒక్క ఐదు నిమిషాలు."

సంచీలో కంద, ఉల్లిపాయలు వేసి స్ప్రింగు కాటాతో తూచాడు. ముసలమ్మని అడిగి అడిగి రెండున్నర కిలోల దగ్గర ఆపాడు. గొలుసు వేసిన సైకిల్ పెడలు ముందుకి అడ్డంగా పెట్టి, గోడవైపు దానికి సంచీ తగిలించాడు. చక్రం కదలదు కాబట్టి పెడలు కిందికి జారలేదు, సంచీ నిశ్చింతగా వేలాడింది. హ్యాండిలు మీదున్న చిన్న తెరమీద సున్నా నొక్కాడు.

ఆరు వందల నలభై ఆరు.

పోలరాజు నోటుపుస్తకంలో గురువారం అంకె మీద వేలు పెట్టి మళ్ళీ పోల్చి చూశాడు.

సరిగ్గా అప్పుడే వీధిలో ట్రాలీ ఆటో ఆగింది. అల్వాల్ నుంచి వచ్చిన బిక్షం దిగాడు. రైల్వే తరఫున సైకిల్ పందేల్లో తిరిగి తిరిగి, అరవయ్యేళ్ళకి కూడా పిక్కలు గట్టిగా ఉన్న మనిషి. గేటు దగ్గరే ఆగి సైకిల్ వంక వింతగా చూశాడు.

"ఏందీ రాజు సాబ్? సైకిల్ వాపస్ ఇయ్యిమంటె సంచీ కట్టినవ్? అంగడికి పోతున్నవా ఏంది?"

 పోలరాజు కూతురి వైపు చూశాడు. చెప్పకుండా ఉండొచ్చు. సైకిల్ ఆటో ఎక్కితే, పిల్ల నాలుగు రోజులు ఏడ్చి పుస్తకాలు తీస్తుంది. గురువారం కోరుకున్నది కూడా అదే. ఆ ఆలోచన వచ్చినందుకే ఆయనకి తనమీద తనకి రోత పుట్టింది.

"తప్పు నాదమ్మా" అన్నాడు. "ఈ సంచీ వేలాడుతుండగా సున్నా నొక్కేను. మీటరు రెండున్నర కిలోల బరువుని సున్నా అనుకుంది. నువ్వు తొక్కినంతసేపూ ఆ బరువు నీ లెక్కలోంచి తీసేస్తూనే ఉంది."

దేవికకి వెంటనే అందలేదు. "తీసేస్తూ అంటే ఎంత?"

"నువ్వు తొక్కిన వేగానికి ముప్పై ఏడు వాట్లు."

కూడుకోవడానికి ఆ పిల్లకి ఎంతోసేపు పట్టలేదు. కూడుకుని, గ్రిల్లు పట్టుకుని నిలబడింది. సంతోషిస్తుందనుకున్నాడు పోలరాజు. కానీ దేవిక కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మూడు రోజులు నాన్నా" అంది. "మూడు రోజులు నా కాళ్ళలోనే ఏదో లోపం ఉందనుకున్నాను. రాత్రీ పగలూ అదే. ఇంత కష్టపడ్డా రావట్లేదంటే నేను దీనికి పనికిరాననుకున్నాను. నువ్వు ఒక్కసారైనా మళ్ళీ చూద్దాం అనలేదు. నీ పుస్తకంలో ఆ నంబర్ అంత తేడాగా ఉంటే చలి అని రాసేసుకున్నావు!"

"అవును."

"ఎందుకు?"

పోలరాజు తల దించుకున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఎవరికీ ఇవ్వాల్సిన అవసరం రాని జవాబు అది.

"రెండు వందల నలభై వచ్చుంటే ఆ రోజే మీటరంతా విప్పి చూసేవాణ్ణి. నూట డెబ్బై ఒకటొచ్చింది. నాక్కావలసింది అదే కదా. అందుకు చూడలేదు."

 ముసలమ్మ "నా సంచీ మీద ఎట్టేస్తారేటి అందరూ" అని గొణుక్కుంది.

బిక్షం మొహం వెలిగిపోయింది. "అరె, అయితె రెండొందల ఎనిమిది! గింకేంది పరేషాన్? హరికిషన్ లాప్‌టాప్ ముంగటేస్కొని కూసున్నడు. పటియాలాకు పంపనీకి అయిదు గంటల దాంక టైముంది. లెక్క రాసి పంపుదం."

"వద్దు బిక్షం గారూ."

"ఎందుకొద్దు?"

"కూడికతో సరిచేసిన అంకె పంపకూడదు. మీటరులో ఉన్నది నూట డెబ్బై ఒకటే. నా సంచీ కథ పటియాలాలో ఎవడు నమ్ముతాడు? మళ్ళీ తొక్కాలి."

"నేను తొక్కను" అంది దేవిక.

ఇద్దరు మగాళ్ళూ ఆమె వైపు తిరిగారు.

"మూడు రోజుల నుంచి సరిగ్గా తినలేదు, సైకిల్ ముట్టుకోలేదు. ఇప్పుడు నిజంగానే నూట డెబ్బై వస్తే? అప్పుడు సంచీ కూడా ఉండదు అనుకోడానికి."

బిక్షం ఆమె దగ్గరికి నడిచాడు. "ఇను బిడ్డా. మూడు దినాలు కాళ్ళకు ఆరాం దొరికింది. గది మంచిదే. నీ దమ్మెంతో నాకు ఎర్క. గీ డబ్బ రాకముందు సుత ఎర్క. కీసర గుట్ట ఎక్కంగ నీ ఎంబడి నా స్కూటర్ తక్లీఫ్ పడ్డది, నువ్వు పడలె."

దేవిక పెదవుల మీదికి నవ్వు రాబోయి ఆగింది. తండ్రి వైపు చూసింది.

పోలరాజు చెయ్యి చాపాడు. "ఆ శిబిరం ఫారం మీ దగ్గరుందా బిక్షం గారూ?"

బిక్షం చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. పోలరాజు దాన్ని నోటుపుస్తకం మీద పరిచి, తండ్రి అని ఉన్న చోట సంతకం పెట్టాడు. పరికరాల మీద పెట్టినట్టే, పూర్తి పేరుతో, తేదీ వేసి.

"నంబర్ రాకుండానే?" అంది దేవిక.

"నంబరు పటియాలా వాళ్ళకి కావాలి. నేను దాన్ని అడ్డం పెట్టుకున్నాను. ఇంక పెట్టుకోను. ఎంతొచ్చినా ఈ సంతకం కొట్టెయ్యను."

కింద ఇంకో గీత ఖాళీగా ఉంది. తల్లి సంతకానికి. బిక్షం కాగితం తీసుకుని వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. "చెల్లెమ్మా, నువ్వు సుత జెర..."

తిరుమల గుమ్మంలోనే ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో ఎవరూ చూడలేదు. "చేతులకి పిండుందన్నయ్యా" అంది. "ముందు తొక్కి రానీండి."

ఈసారి పోలరాజు తొందరపడలేదు. సైకిల్ ని గోడ దగ్గర్నుంచి తీయించి, గేటు బయట నాలుగు వైపులా ఖాళీగా ఉన్న చోట నిలబెట్టించాడు. పెడలు వెనక్కి తిప్పి మీటరుని మేలుకొలిపాడు. సైకిల్ చుట్టూ నడిచాడు. నొప్పి మోకాలు నేలకి ఆనించి వంగి, రెండు పెడళ్ళ కిందా చెయ్యి పెట్టి చూశాడు. బొత్తాం నొక్కాడు.

ఐదు వందల పదమూడు.

అంతటితో వదల్లేదు. మూల మీది కిరాణా కొట్టులో ఐదు కిలోల ఇనప గుండు అడిగి తెచ్చాడు. వెనక బ్రేకుని గుడ్డపేలికతో బిగించి కట్టి, పెడలు అడ్డంగా ఉందో లేదో మేస్త్రీలు వాడే నీటి మట్టంతో చూసి, గుండు తగిలించాడు. ఆ గుండుకి తెరమీద ఎంత పడాలో ముందే లెక్కగట్టి పుస్తకంలో రాసుకున్నాడు. అంతే పడింది. గుండు తీశాక మళ్ళీ సున్నా చూశాడు. వీధిలో పిల్లలు పోగయ్యారు. బిక్షం వాచీ చూసుకుని జుట్టు పీక్కున్నాడు.

"రాజు సాబ్, చుక్కలు పొడిచినంక షురూ చేద్దమా?"

"నాన్నా" అని పిలిచింది దేవిక. హెల్మెట్ పట్టీ బిగించుకుంటోంది. "ఇంకోసారి చుట్టూ తిరిగి చూడు."

అది ఎత్తిపొడుపో నమ్మకమో తెలియలేదు గానీ, పోలరాజు మారుమాట్లాడకుండా ఇంకోసారి తిరిగాడు.

అంకె కనపడకూడదని దేవిక తెరమీద ప్లాస్టరు ముక్క అంటించుకుంది. సైనిక్‌పురి వైపు ఆదివారం రోడ్డు ఖాళీగానే ఉంది. ఆమె వెనక ట్రాలీ ఆటో, అందులో కడ్డీ పట్టుకుని నిలబడ్డ పోలరాజు, బిక్షం. మొదటి ఐదు నిమిషాలు పిల్ల నడుం నిటారుగా ఉంది. పదో నిమిషానికి చొక్కా తడిసి వీపుకి అంటుకుంది. పద్నాలుగో నిమిషంలో తల కిందికి వాలడం మొదలైంది. పోలరాజు కడ్డీ మీద చెయ్యి బిగించి "అమ్మా, అమ్మా" అంటున్నాడు. ఆ మాట ఆటో చప్పుడులో ఆయనకే వినపడలేదు.

"దబాయించు బిడ్డా! ఇంక మూడే నిమిషాలు!" అని బిక్షం అరిచాడు.

తల మళ్ళీ లేచింది.

ఆపాక దేవిక సైకిల్ దిగలేకపోయింది. హ్యాండిలు మీద వాలిపోయి, చేత్తో తండ్రిని రమ్మని సైగ చేసింది. పోలరాజు ప్లాస్టరు ఒక మూల గోటితో లేపి, నెమ్మదిగా ఊడదీశాడు. కళ్ళజోడు సరిచేసుకుని చూశాడు. మళ్ళీ చూశాడు.

"రెండు వందల ఆరు" అన్నాడు.

బిక్షం రోడ్డు మధ్యలో చప్పట్లు కొట్టాడు. ఇస్త్రీ బండి దగ్గరున్న మనిషి ఏమిటో తెలియకుండానే తనూ కొట్టాడు. దేవిక తండ్రి భుజం మీద తల పెట్టి, చెమటా కన్నీళ్ళూ ఆయన చొక్కాకే తుడిచేసింది. మూడు రోజులుగా గుండె మీదున్న బరువు దిగిపోయి, పోలరాజుకి పట్టలేనంత సంతోషం కలిగింది.

ఇంటికి చేరేసరికి పన్నెండున్నర అయింది. ముసలమ్మ గేటులోనే ఎదురై మనవరాలికి దిష్టి తీసింది. బిక్షం ఫారం మళ్ళీ బయటికి తీసి, కలంతో సహా వంటింట్లో ఉన్న తిరుమల ముందు పెట్టాడు. పోలరాజు సంతోషం పట్టలేక తల్లిని ఆటపట్టించాడు.

"అమ్మా, ఆ రోజు తొక్కేటప్పుడు కూడా సంచీ దానికే ఉండుంటే మన పిల్ల కందతో సహా తొక్కేసేది. ఎవరో పుణ్యం కట్టుకుని ముందే తీసేశారు."

"నాను తియ్యలేదు బాబూ. నా తానం అయ్యేసరికే వొంటింట్లో ఉంది."

"నేను తీశాను" అంది తిరుమల.

కలం ఆమె చేతిలో ఉంది. కాగితం మీద పెట్టలేదు.

"ముగ్గు వెయ్యడానికి వచ్చాను. సంచీ వేలాడుతుంటే మీరు ఇవతల కూర్చుని సున్నా నొక్కడం చూశాను. ఇరవై ఆరేళ్ళ నుంచి అన్నం తింటూ మీరు చెప్పే కథలు వింటున్నానండీ. బరువుండగా సున్నా నొక్కితే ఏమవుతుందో నాకు తెలుసు. మీరు పుస్తకం పెట్టడానికి లోపలికెళ్ళాక, సంచీ తీసి వంటింట్లో పెట్టేశాను. మాట్లాడకుండా."

దేవిక తల్లి మొహంలోకి చూసింది. "తెలిసే చేశావా అమ్మా?"

"తెలిసే చేశాను. కిందటి నెల లారీ నీ మోచెయ్యి రాసుకుంటూ పోయింది. నాన్నకి చెప్పొద్దన్నావు, చెప్పలేదు. రోజూ నువ్వు తిరిగొచ్చేదాకా ఆ గేటు గడియ వైపే చూస్తూ కూర్చుంటున్నాను. అంత దూరం వెళ్తే ఏ గేటు వైపు చూడను?"

 తన పుస్తకంలో తెల్లవారు చలి అని రాసుకున్న పోలరాజు ఆమెనేమంటాడు? బిక్షం మెల్లిగా వరండా చివరికి వెళ్ళి నిలబడ్డాడు.

 దేవిక వంటింట్లోకి నడిచి, గూట్లోంచి తన కంచం తీసింది. ఈసారి గదిలోకి తీసుకెళ్ళలేదు. తల్లి ఎదురుగా నేలమీద పెట్టుకుని, గోడ ఆసరాతో కూర్చుంది.

"ఆకలేస్తోంది. అన్నం పెట్టమ్మా" అంది. "అయిదింటి దాకా టైముంది. నీ భయం ఎంతో మొత్తం చెప్పు. ఏదీ దాచకుండా చెప్పు, వింటాను. తర్వాత నేను చెప్పేది కూడా నువ్వు వినాలి."

తిరుమల కలాన్ని ఫారం మీద అడ్డంగా పెట్టి, అన్నం గిన్నె మూత తీసింది.